ముట్టడిలో కొన్న పొలము

వాక్యభాగము: యిర్మీయా 32వ అధ్యాయము

మీరు ఏ పరిస్థితిలో ఉండి దీనిని చదువుచున్నారో నాకు తెలియదు. కొందరు సంతోషముగా ఉండవచ్చు. కొందరు రాత్రి నిద్రపట్టక ఈ పత్రికను చేతిలోకి తీసుకొని ఉండవచ్చు. ఈ దినము ముఖ్యముగా ఆ రెండవ వారితో మాట్లాడవలెనని ఆశపడుచున్నాను. భయము, చింత, జీవితములో తగిలే ఎదురుదెబ్బలు, వాటి మధ్యలో విశ్వాసికి ఉండే నిరీక్షణ – ఇదే మన ధ్యానాంశము.

ఒక రాత్రి, ఒక ప్రశ్న

2024 ఆగస్టు 31వ తేదీ శనివారం రాత్రి మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలవారు అంత తేలికగా మరచిపోరు. ఆ దినమంతా కుంభవృష్టి కురిసింది. పాలేరు పొంగింది. వరంగల్లు నుండి, ఖమ్మం మీదుగా వచ్చే మున్నేరు తన వాగులన్నిటి నీళ్లు కలుపుకొని నందిగామ వైపు దూసుకువచ్చింది. ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదికి నీళ్లు వచ్చాయి. 2023 జూలైలో కూడా అదే చోట అలాగే జరిగింది. సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. ఆ బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎన్నడూ లేదు. బుడమేరు విజయవాడలో ఎన్ని వేల ఇళ్లను ముంచిందో మీరెరుగుదురు.

ఆ శనివారం రాత్రి సంఘ సభ్యుడొకరు నాకు ఫోను చేశారు. ఆయన కౌలు రైతు. పత్తి, మిరప వేశారు. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలన్నీ ముడుచుకుపోయినప్పుడు చేసిన అప్పు ఇంకా తీరలేదు. "అయ్యగారూ, చేలోకి నీళ్లు వచ్చేశాయి" అన్నారు. నేను డాబా ఇంట్లో, పొడిగా ఉన్న మంచం మీద కూర్చొని, "భయపడకండి, చింతపడకండి, ప్రభువు ఉన్నాడు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత ఆయన మెల్లగా అన్నారు: "నేను చింతపడకపోతే ఆ నోటు మీద వడ్డీ ఎవరు కడతారు అయ్యగారూ?"

నా దగ్గర జవాబు లేదు. మరుసటి దినము ఆదివారము. మోకాళ్లలోతు నీళ్లలో మందిరానికి వచ్చేవారెవరు? ఆరాధన జరుగలేదు. ప్రసంగం చేయవలసిన పని లేకపోయింది గాని, ఆయన ప్రశ్న మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. సెమినరీలో నేర్చుకొన్న జవాబులు నాకు గుర్తున్నాయి. వాటిలో ఏది ఆ ప్రశ్నకు జవాబో తెలియలేదు. ఆ తరువాత చాలా దినములు వాక్యమును మరల చదివాను. నేను నేర్చుకొన్నది మీతో పంచుకొనుచున్నాను.

భయము వేరు, చింత వేరు

మొదట ఒక సంగతి స్పష్టముగా తెలిసికొందాము. భయము పాపము కాదు. నీళ్లు గడపలోకి వస్తున్నప్పుడు గుండె దడదడలాడుట దేవుడు మన శరీరములో పెట్టిన కాపుదల. ఆ భయమే బిడ్డలను భుజానికెత్తుకొని మెరక మీదికి పరుగెత్తిస్తుంది. గెత్సేమనే తోటలో మన ప్రభువు కూడా కలవరపడ్డాడని సువార్తికులు దాచకుండా వ్రాశారు. కాబట్టి భయపడినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

మరి చింత? కొండమీద ప్రసంగములో, మత్తయి 6వ అధ్యాయములో, ప్రభువు చింతను గూర్చి మాట్లాడినప్పుడు సువార్తలో వాడబడిన గ్రీకు క్రియ 'మెరిమ్నావో'. బేతనియలో మార్త అనేక పనుల వలన తొందరపడినప్పుడు ఆమెతో ప్రభువు పలికిన మాట అదే (లూకా 10:41). ఫిలిప్పీయులకు చెరసాల నుండి పౌలు వ్రాసిన మాట కూడా అదే (ఫిలిప్పీ 4:6). మనస్సు ఒకచోట నిలువక ముక్కలుగా చీలిపోవుట అనే భావము ఆ మాటలో ఉన్నదని కొందరు పండితులు వివరిస్తారు. మాట పుట్టుక ఎలాగున్నా, అనుభవము మాత్రం అదే కదా! శరీరము మంచం మీద ఉంటుంది. మనస్సులో ఒక ముక్క అప్పు ఇచ్చినవాని గుమ్మంలో, ఒక ముక్క అమ్మాయి కాలేజీ ఫీజులో, ఇంకొక ముక్క వచ్చే ఏటి వర్షంలో ఉంటుంది.

అయితే ఒక ఆశ్చర్యము గమనించండి. అదే పత్రికలో, 2వ అధ్యాయము 20వ వచనములో, పౌలు తిమోతిని మెచ్చుకొనుచు అదే క్రియను వాడాడు. ఫిలిప్పీలోని విశ్వాసుల క్షేమము కొరకు తిమోతి వలె మనస్ఫూర్తిగా పట్టించుకొనేవాడు తన దగ్గర వేరొకడు లేడని పౌలు భావము. అనగా ఒకే మాట ఒకచోట మానుకొనవలసినది, మరియొకచోట మెచ్చుకొనదగినది! దీనిని బట్టి మనకేమి తెలియుచున్నది? బాధ్యత తలంచుకొనుట తప్పు కాదు. వడ్డీ గూర్చి ఆలోచించే రైతు అవిశ్వాసి కాడు, తన ఇంటివారిని ప్రేమించే మనిషి. ఆ ఆలోచన చేతులకు పని చూపించినంతవరకు అది తిమోతి శ్రద్ధ. చేతులు కట్టివేసి, నిద్రను దోచుకొని, నేటిని కూడా రేపటికి అప్పగించివేసినప్పుడు అది ప్రభువు మానుకొమ్మన్న చింత.

ఇంకొక మాట. ప్రభువు ఆ ప్రసంగము చేసినది ధనవంతులకు కాదు. ఏ పూటకాపూట రొట్టె కొరకు ప్రార్థించవలసిన జనులకు చేశాడు. రేపు కష్టము రాదని ఆయన వారికి చెప్పలేదు. ఆ భాగములోని చివరి మాట చూడండి: ప్రతి దినమునకు దాని కష్టము ఉన్నదని ఆయనే ఒప్పుకొన్నాడు. నేటి మూట నేడు మోయండి, రేపటి మూటను కూడా నేడే తలకెత్తుకొనవద్దు అనునదే ఆయన హితవు. ఇది కష్టపడే మనుష్యుల భాష తెలిసినవాని మాట.

ఖైదీ కొన్న పొలము

ఇప్పుడు యిర్మీయా దగ్గరకు వద్దాము. ఇది సిద్కియా రాజు ఏలుబడిలో పదియవ సంవత్సరము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి గోడలకు ఎదురుగా దిబ్బలు వేసింది. పట్టణము లోపల కరవు, తెగులు. యిర్మీయా చెరసాల ప్రాంగణములో బందీగా ఉన్నాడు. పట్టణము కూలిపోవునని ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఆయనకు ఆ శిక్ష.

అప్పుడు పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలము నీవు కొనుక్కో, విడిపించే హక్కు నీదే అన్నాడు. ఈ బేరము గూర్చి కొంచెము ఆలోచించండి. అనాతోతు యెరూషలేముకు ఈశాన్యముగా సుమారు 5 కిలోమీటర్ల దూరములో ఉన్న పల్లె. పట్టణము చుట్టూ ఉన్న ఆ ప్రాంతమంతా శత్రువు గుప్పిట్లో ఉన్నది. కొనేవాడు ఖైదీ. ఇంకా ఒక సంగతి: కొంతకాలము క్రిందట ఇదే అనాతోతువారు యిర్మీయా ప్రాణము తీయజూశారు (యిర్మీయా 11:21). మన జగ్గయ్యపేట సంతలో ఎవరినడిగినా, ఇంతకంటె పనికిరాని బేరము లేదంటారు!

అయినా దేవుని మాట చొప్పున యిర్మీయా కొన్నాడు. 17 తులముల వెండి తూచి ఇచ్చాడు. దస్తావేజు వ్రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిపించాడు. ముద్రవేసిన ప్రతి ఒకటి, తెరచి ఉన్న ప్రతి ఒకటి. అందరి యెదుట ఆ రెండింటిని బారూకుకు అప్పగించి, చాలా కాలము పాడవకుండ వాటిని మట్టి కుండలో పెట్టుమన్నాడు. కుండ ఎందుకు? 1947లో మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలలో దొరికిన చుట్టలు మట్టి కుండలలోనే సుమారు రెండు వేల సంవత్సరములు నిలిచాయి. ఆ ఎండిన దేశములో అది పత్రములకు భద్రమైన పెట్టె. ఈ దేశములో మరల ఇండ్లు, పొలములు, ద్రాక్షతోటలు కొనే దినము వస్తుందని దేవుడు చెప్పిన వాగ్దానమునకు ఆ కుండ గురుతు.

దీనినుండి మూడు సంగతులు నేర్చుకొందాము.

1. నిరీక్షణ కండ్లు మూసుకొనదు

యిర్మీయా కాలములో "అంతా క్షేమమే" అని చెప్పిన ప్రవక్తలు ఉన్నారు. వారికి మంచి పేరు ఉండెను. అయితే నిరీక్షణ వారి దగ్గర లేదు. పట్టణము కూలుతుందని చెప్పినవాడే పొలము కొన్నాడు. అప్పు ఉంటే అప్పు ఉన్నదని చెప్పండి. డాక్టరు చెప్పిన జబ్బు పేరు పలకండి. పంట పోతే పోయిందని ఏడ్వండి. నిజమును దాచుకొన్న చోట భయము పెరుగుతుంది. దేవుని యెదుట విప్పి చెప్పిన చోట అది తన అసలు కొలతకు వస్తుంది.

2. నిరీక్షణ నేడు చేయదగిన పనిలో కనబడును

దేవుడు యిర్మీయాను బబులోను సైన్యమును తరిమివేయుమని అడుగలేదు. ఒక చిన్న పొలమునకు వెండి తూచమన్నాడు. పెద్ద ఆపదలో మన బుద్ధి పెద్ద పరిష్కారమునే వెదుకుతుంది. అది దొరకక కూలబడిపోతుంది. నేడు నా చేతిలో ఉన్న ఆ 17 తులములు ఏవి? అని అడుగండి. అప్పుల చిట్టా ఒక కాగితము మీద వ్రాసి భార్యకు చూపించుట కావచ్చు. బ్యాంకుకు వెళ్లి గడువు అడుగుట కావచ్చు. తప్పిన పరీక్షకు మరల ఫీజు కట్టుట కావచ్చు. మాటలు లేని అన్నదమ్ముని ఇంటికి వెళ్లుట కావచ్చు. ఆ పని చేసిన తరువాత దిబ్బలు గోడ పక్కనే ఉంటాయి. అయినా మీరు ఆ దినము భయమునకు కాదు, దేవునికి లోబడినవారవుతారు.

3. నిరీక్షణ అర్థము కాని ప్రార్థనను కూడ చేయును

దస్తావేజు అప్పగించిన తరువాత యిర్మీయా ప్రార్థన చేశాడు (16–25 వచనములు). నాకు ఎంతో ఆదరణ ఇచ్చిన భాగమిది. దేవునికి అసాధ్యమైనది లేదని మొదలుపెట్టిన ఆయన, చివరికి వచ్చేసరికి, ప్రభువా, పట్టణము శత్రువు చేతికి పోవుచున్నది, నీవేమో నన్ను పొలము కొనుమన్నావే! అన్న భావముతో ముగించాడు. ఆయన లోబడ్డాడు గాని ఆయనకు అర్థము కాలేదు. దేవుడు ఆయనను గద్దింపలేదు, జవాబిచ్చాడు. ఆ జవాబు యిర్మీయా ప్రార్థనలో మొదట పలికిన మాటనే ప్రశ్నగా తిరిగి అడుగుట: నాకు అసాధ్యమైనది ఉన్నదా? (27వ వచనము). మీ ప్రార్థనలో స్తుతి, సందేహము రెండూ కలిసిపోయినవా? మీరు ప్రవక్తల వరుసలోనే నిలిచి ఉన్నారు.

చూడకుండా పోయినవారు

యెరూషలేము కూలిపోయింది. యిర్మీయాను ఐగుప్తుకు తీసుకొనిపోయారు. ఆ పొలములో ఆయన ఒక్క గింజ విత్తినట్టు బైబిలులో ఎక్కడా లేదు. అయితే ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయము తెరవండి. చెరనుండి తిరిగివచ్చినవారి పట్టిక అది. సాధారణముగా మనము దాటవేసే అధ్యాయము. 23వ వచనములో అనాతోతువారి లెక్క ఉన్నది: 128 మంది. ఆ ఒక్క సంఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొన్నవాడు లేడు. ఆ పల్లెకు తిరిగివచ్చినవారు మాత్రం ఉన్నారు.

మన ప్రాంతపు సంఘ చరిత్రలోనూ ఇటువంటి సంగతి ఉన్నది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు మచిలీపట్నం వచ్చారు. నోబుల్ దొరగారు 1843లో పాఠశాల తెరచి, 1865లో ఆ పట్టణములోనే కన్నుమూశారు. ఫాక్స్ దొరగారు ఊరూరా తిరిగి తెలుగులో సువార్త చెప్పే పని ఎన్నుకొన్నారు. 1845లో భార్యను పోగొట్టుకొన్నారు. ఆరోగ్యము చెడి ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, 1848లో, 31 ఏండ్లకే మరణించారు. మనుష్యులు లెక్కించే ఫలము చాలా తక్కువ. ఆ దినమున ఎవరైనా ఈ పని విఫలమైనదంటే కాదని చెప్పుటకు ఆధారము లేదు.

పదకొండు సంవత్సరములు గడిచాయి. ఇప్పటి నందిగామ మండలములో ఉన్న రాఘవాపురములో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండెను. విగ్రహములను విడిచిపెట్టి, తాను పేరెరుగని దేవుని వెదకుచున్నవాడు. బెజవాడలో ఉన్న డార్లింగ్ దొరగారిని కలిసికొని సువార్త విని, 1859లో బాప్తిస్మము పొందాడు. ఆ తరువాత తన ప్రజల మధ్య తిరిగి సాక్ష్యము చెప్పాడు. కృష్ణా మెట్ట ప్రాంతములో ఎన్నో పల్లె సంఘముల చరిత్ర ఆ ఇంటినుండి మొదలవుతుంది. ఫాక్స్ దొరగారు దానిని చూడలేదు. వారి కష్టమంతా ఇందుకే వచ్చిందని నేను చెప్పను. భార్యను పోగొట్టుకొన్న మనిషి దుఃఖమునకు ఎవరి బాప్తిస్మమూ వెల కాదు. నేను చెప్పేది ఒక్కటే: మన కండ్లకు కనబడిన చోట దేవుని పని ఆగిపోదు.

సంఘమునకు ఒక మాట

ప్రియులారా, కష్టములో ఉన్నవారితో "నీకు విశ్వాసము చాలదు" అనకండి. ఏలీయా బదరీచెట్టు క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవుని దూత ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మరల పడుకొననిచ్చాడు (1 రాజులు 19). మొదట అన్నము, నిద్ర. ఆ తరువాతే మాట. కరవు, అప్పు ఉన్న ఇంటికి ప్రార్థనకు వెళ్లేటప్పుడు బియ్యపు సంచి కూడా వెళ్లవలెను.

మరియొకటి. వారాల తరబడి నిద్రలేక, అన్నము సహించక, బ్రతుకు మీద విరక్తి కలిగినట్టయితే అది జబ్బు కావచ్చు. జ్వరమునకు మందు వేసుకొన్నట్టే దానికీ డాక్టరును చూడవలెను. అది విశ్వాసమునకు వ్యతిరేకము కాదు. ప్రభుత్వమువారి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ముఖ్యముగా పురుగుమందు డబ్బా ఇంటిలో ఉండే రైతు కుటుంబములవారు ఈ నంబరు గోడ మీద వ్రాసి పెట్టుకొనండి. మీ ఇంటివారు మౌనముగా మారితే అడగండి. అడిగితే లేని తలంపు పుడుతుందని భయపడవద్దు. అడిగినవారు ఉన్నారని తెలియుటయే చాలామందిని నిలబెడుతుంది.

ఆ రైతు సంగతి

నీళ్లు తీసిన తరువాత నేను ఆయన చేనికి వెళ్లాను. పత్తి మొక్కలు నల్లబడి బురదలో వాలిపోయి ఉన్నాయి. ఈసారి నేను ఏ వాక్యమూ చెప్పలేదు. గట్టు మీద కూర్చొన్నాము. ఆ రాత్రి నేను తొందరపడి మాట్లాడాను, క్షమించండి అన్నాను. ఆయన నవ్వి, "మీరేం చేస్తారు అయ్యగారూ, ఫోను ఎత్తారు, అది చాలు" అన్నారు. తరువాత సంఘ పెద్దలలో ఒకరు ఆయనతో కూడ అప్పు ఇచ్చినవారి దగ్గరకు వెళ్లి గడువు అడిగారు. కొంత గడువు దొరికింది. వడ్డీ మాత్రం తగ్గలేదు.

కొన్ని వారముల తరువాత ఒక ఆదివారము ఆయన, ఆయన భార్య మొక్కజొన్న విత్తనాల సంచి తెచ్చి బల్ల ముందు పెట్టారు. విత్తనములను ప్రార్థనకు తెచ్చుట మన సంఘములలో ఎప్పటినుండో ఉన్న అలవాటు. ఎన్నోమారులు ఆ ప్రార్థన చేశాను. ఆ దినము మాత్రం నా గొంతు పెగలలేదు. అప్పు తీరలేదు. మున్నేరు అక్కడే ఉన్నది. మరల రావచ్చు. అయినా ఆ దంపతులు విత్తుటకు సిద్ధపడ్డారు. యిర్మీయా వెండి తూచినట్టే నాకు కనబడింది. నేను ఇవ్వలేని జవాబును వారు సంచిలో పెట్టి తెచ్చారు.

మన నిరీక్షణకు చివరి ఆధారము మంచి వర్షము కాదు, తీరిన అప్పు కాదు. సిలువ వేయబడి, సమాధి చేయబడి, మూడవ దినమున లేచిన ప్రభువు. లోకమంతా ముగిసిందన్న చోట దేవుడు మొదలుపెట్టాడు. ఆయన లేచాడు గనుక మన కన్నీళ్ల కథకు చివరి మాట మన భయము పలుకదు, ఆయన పలుకుతాడు. అప్పటివరకు నేటి మూట నేడు మోద్దాము, ఒకరి మూట ఒకరము పట్టుకొందాము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, ఈ సందేశమును విన్నవారిలో, చదివినవారిలో నిద్రలేని ప్రతివారిని నీవెరుగుదువు. వారి భయమును నీ యెదుట దాచుకొనకుండ విప్పి చెప్పుకొనే ధైర్యమిమ్ము. నేడు చేయదగిన ఒక్క పని వారికి చూపించుము. వారి ప్రక్కన నిలువబడుటకు మమ్మును పంపుము. విత్తిన ప్రతి గింజను, కార్చిన ప్రతి కన్నీటిని నీ చేతికి అప్పగించుచున్నాము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.